వచ్చిందనకూడని గాలి

మొగపేటలో ఇంటికో డబ్బా ఉంది. కప్పు మీద గొట్టానికి బిగించిన తెల్లటి డబ్బా, దాని నెత్తిన గాలికి గిర్రున తిరిగే మూడు గిన్నెలు. ఆ ఊరికి సరైన రోడ్డు లేదు, కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. కానీ ఏ ఇంటి మీద ఎప్పుడు చినుకు పడుతుందో ఆ ఇంటికి ముందే కబురు వస్తుంది. పైగా పక్కింటి కబురు వేరు, మనింటి కబురు వేరు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొత్త అల్లుళ్ళ గురించి చెప్పుకున్నట్టు డబ్బాల గురించి చెప్పుకుంటారు. ఎవరి డబ్బా వారికి గొప్ప.

ఆ డబ్బాలను తయారుచేసిన ఇద్దరిలో సూరాడ నూకరత్నం ఆ ఊరి పిల్లే. వేటకు పోయే ఇంట పుట్టి, పట్నంలో పెద్ద చదువు చదివి, మళ్ళీ వచ్చి ఊళ్ళోని తుఫాను షెల్టరు మేడ మీద రెండు గదుల్లో ప్రయోగశాల పెట్టింది. రెండో మనిషి ఆమె పైఅధికారి డాక్టర్ ఫణీంద్ర, గుంటూరు వైపు ఆయన. అంకెలు తప్ప మరో దేవుణ్ణి ఎరగడు.

ఆ పొద్దున రత్నం అన్నగారి ఇంటి కప్పెక్కి డబ్బా గిన్నెలు మారుస్తోంది. ఉప్పుగాలికి గిన్నెల ఇరుసు ఒక్క వానాకాలం కూడా నిలవదు. తుప్పు పడితే పెనుగాలి వీచినా పిల్లగాలి అనే చూపిస్తుంది. అందుకే ఆమె మొదట్లోనే ఒక ఏర్పాటు చేసింది. డబ్బా రోజుకు మూడుసార్లు ఇంటావిడ ఫోనులో అడుగుతుంది: గాలి వచ్చిందా, రాలేదా? ఇంటావిడ బొటనవేలు పెట్టి జవాబు నొక్కుతుంది, ఇంకొకరి వేలిముద్రకు అది ఒప్పుకోదు. గిన్నెలు చెప్పేదానికన్నా మనిషి చెప్పిందానికే డబ్బా ఎక్కువ విలువ ఇస్తుంది. ఆ జవాబుల నుంచే రేపటి కబురు నేర్చుకుంటుంది.

"జాగర్తే రత్నం," కింద నుంచి అన్న తాతారావు కేకేశాడు. "జారినావంటే గాలి లెక్క మానేసి నీ ఎముకలు లెక్కెట్టుకోవాల."

"నువ్వు వలలు సూసుకో అన్నా."

పోలేశ్వరి ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె రత్నానికి వదిన, ఇంటికి యజమానురాలు, నోరు మాత్రం నెమ్మది. ఫోనులో కబురు చదివింది. "ఈ ఇంటికి రేపటి పొద్దు దాకా గాలి లేదు. సముద్రం నెమ్మది."

తాతారావు తూర్పుకు చూశాడు. నీటి అంచున మబ్బు మురికిగా ఉంది. వాళ్ళ నాన్న అయితే ఆ మబ్బును చూసి పడవను ఇంకాస్త పైకి లాగించి చుట్ట ముట్టించేవాడు. తాతారావు మాత్రం కబుర్లు పట్టే రేడియో సెట్టు చంకలో పెట్టుకున్నాడు. ప్రతి పడవకూ ఒక సెట్టు, ఆ సెట్టు తన ఇంటి డబ్బా మాట ఒక్కటే వింటుంది. సర్కారు హెచ్చరిక కోస్తా అంతటికీ ఒకేలా వస్తే ఎవరూ లెక్కచేయలేదు. అదే ఇంటి నుంచి వస్తే, కబురు కింద పెళ్ళాం వేలిముద్ర ఉంటుంది కనుక, నమ్ముతారు. ఆ కిటుకు రత్నానిదే. పాత వైర్‌లెస్‌లన్నీ ఆ తరువాత అటకెక్కాయి.

"ఇంటి మీద ఒకతి, ఇంట్లో ఒకతి," అన్నాడు తాతారావు భార్యను చూసి. "పైనున్నదే తక్కువ మాటాడతాది, నిజవే సెప్తాది. ఎల్లొత్తాను."

పోలేశ్వరి నవ్వాపుకుని మంచినీళ్ళ డబ్బా అందించింది.

* * *

రత్నం షెల్టరు మేడెక్కేసరికి ఫణీంద్ర ఉత్సాహంగా ఉన్నాడు. వచ్చే వారం పెద్దవాళ్ళు వస్తున్నారు. కోస్తా పొడుగునా ప్రతి పేటకూ ఈ డబ్బాలే పెడతారట.

"మొగపేట కబుర్లు నూటికి తొంభైతొమ్మిది నిజం," అన్నాడు. "ప్రపంచంలో ఎక్కడా లేదు రత్నంగారూ. వాతావరణం మీ ఊరు చెప్పినట్టు వింటోంది."

రత్నం తెర చూసింది. మొగపేట ఇళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. గాలి లేదు, గాలి లేదు. ఊరి వెనక పొలాల్లో మామిడివలస ఉంది, వ్యవసాయం చేసుకునే ఊరు. అక్కడ మాత్రం ప్రతి ఇంటి డబ్బా సాయంత్రానికి పెనుగాలి అంటోంది.

"ఇదేంటి సార్? మధ్యలో ఒక్క జీడితోట. గాలి సముద్రం మీద నుంచి మామిడివలసకు రావాలంటే మొగపేటను దాటుకునే రావాలి."

"మామిడివలస డబ్బాలు నూటికి తొంభైమూడే. ఇద్దరు సాక్షులుంటే మంచి సాక్షినే నమ్మాలి."

రత్నం కిటికీ పక్కన ఉన్న ప్రయోగశాల సొంత ఒత్తిడిమాపకం చూసింది. ముల్లు దిగుతోంది. ఇది చూపిస్తే ఫణీంద్ర ఒక్కదాన్ని పట్టుకుని ఏం చెప్పగలమన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు కూడా. కానీ ఆమె అక్కడ కూర్చోలేకపోయింది. అన్నం పేరు చెప్పి ఇంటికి నడిచింది.

దారిలోనే మొదటి విసురు వచ్చింది. ఇసుక లేచి కళ్ళల్లో పడింది. రెండో విసురుకు అన్న ఇంటి వాకిట్లో ఎండువలల మీది టార్పాలిన్ తాళ్ళు తెంపుకుని గోడకు కొట్టుకుంది. పోలేశ్వరి పరుగున వచ్చి దాన్ని పట్టుకుంది. ఇద్దరూ కలిసి రాళ్ళెత్తారు. అంతలో పోలేశ్వరి బొడ్లో ఫోను మోగింది. మధ్యాహ్నం ప్రశ్న.

"ఈ ఇంటికి గాలి వచ్చిందా?"

పోలేశ్వరి జుట్టు ముఖం మీద ఎగురుతోంది. ఒక మోకాలు టార్పాలిన్ మీద ఉంది. ఆమె బొటనవేలు పెట్టి "రాలేదు" నొక్కింది. ఫోనును కళ్ళకద్దుకుని మళ్ళీ బొడ్లో దోపుకుంది.

రత్నం చేతిలోని రాయి దించింది. "వదినా, ఏటి నొక్కినావు?"

"నేదనే."

"ఇంత గాలేత్తంటే?"

"మీ అన్న నీట్లో ఉన్నాడు కదమ్మీ," అంది పోలేశ్వరి, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మగోలు నీట్లో ఉండగా ఒడ్డునున్న ఆడది గాలొచ్చిందని అనొచ్చేటి?"

అనకూడదు. ఆ సంగతి రత్నానికి తెలియనిది కాదు. ఆమె ఏడేళ్ళప్పుడు, నాన్న వేటకు పోయిన రోజున గాలొచ్చిందమ్మా అని గంతులేస్తే, వాళ్ళమ్మ నోటి మీద ఒక్కటిచ్చింది. నోటితో అనకూడదని తెలుసు. వేలితో నొక్కడం కూడా అనడమేనని ఆమెకు ఇన్నాళ్ళూ తోచలేదు.

"అందరూ ఇలాగే నొక్కుతారా?"

"నొక్కరేటి? ఏ ఇంటి ఆడది తన మొగుడి మీద అంతాది? ఆలు ఒడ్డునున్నా రేపు మల్లీ నీట్లోకెల్లాల కదా."

రత్నం కప్పు మీది డబ్బా వైపు చూసింది. డబ్బా గాలి అని చెప్పిన రోజున ఊరంతా రాలేదంది. డబ్బా పాపం తనదే తప్పనుకుంది. అలా తప్పనుకుని తప్పనుకుని, మొగపేటకు గాలి అనేదే రాదని నేర్చుకుంది. అది లేదంటుంది, ఊరు లేదంటుంది, నూటికి తొంభైతొమ్మిది. ఇంతకు ముందు వచ్చినవి చిన్న గాలులు కాబట్టి మగవాళ్ళు ఎలాగో ఒడ్డున పడ్డారు.

* * *

వదిన చెప్పినదంతా రత్నం ఫోనులో ఫణీంద్రకు ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన ఫోను పెట్టకుండానే తెర ముందు కూర్చున్నాడు. ఊరి జవాబులన్నీ పక్కన పెట్టి లెక్క వేశాడు. 

"పొద్దువాలేసరికి పెనుగాలి. పడవలు నిలబడవు రత్నంగారూ."

"వెనక్కి రమ్మని సెట్లకు పంపండి."

"మనం పంపలేం కదా. ఇంటి డబ్బా పంపితేనే సెట్టు తీసుకుంటుంది. ఇంటావిడ వేలు పడితేనే డబ్బా మాట మారుస్తుంది. మీరే కదా అలా బిగించమన్నది, ఆఫీసుల మాట ఇంటి మాటలో దూరకూడదని." ఆయన గొంతు తగ్గించాడు. "తీర రక్షణ వాళ్ళకు చెప్పాను. బయలుదేరుతున్నారు. కానీ వాళ్ళున్న చోటు దూరం."

రత్నం ఫోను పెట్టేసి వదిన వైపు తిరిగింది.

"జవాబు మార్చు వదినా. వచ్చిందని నొక్కు. నొక్కితే అన్నకి ఈ నిమిషానే కబురెల్తాది, తిరిగొచ్చెత్తాడు."

"నాననను, అమ్మీ."

"నీకు దండం పెడతాను. ఆడి పేణం వదినా."

"ఆయన పేణం కోసవే అననంతన్నాను," అంది పోలేశ్వరి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న పోయిన్నాడు మాయమ్మ గుమ్మంలో నిలబడి గాలొచ్చీసింది దేవుడో అని ఏడ్సింది. ఆ పొద్దు నుంచీ సచ్చేదాకా మాయమ్మ మొకం ఎవులూ పొద్దున్నే సూసినోలు నేరు. నువ్వు సదూకున్నావు, నీకు తెల్దు."

మూడో విసురుకు పక్కింటి తాటాకు లేచి వచ్చి వాకిట్లో పడింది. రత్నం వదిన బొడ్లోంచి ఫోను లాక్కుంది. పోలేశ్వరి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. రత్నం ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ముందుకు గుంజి, ముడుచుకున్న బొటనవేలును విరిచినంత పని చేసి, "వచ్చింది" మీద అదిమింది.

కప్పు మీద డబ్బాకు ఎర్రదీపం వెలిగింది. ఇంటావిడ గాలి వచ్చిందంటేనే వెలిగే ఆ దీపం ఊళ్ళో ఏ ఇంటి మీదా అంతవరకు వెలగలేదు. ఫోనులో అక్షరాలు వచ్చాయి. "సాయంత్రానికి పెనుగాలి. తిరిగి రండి. పడవకు పంపాను." కాసేపటికి దాని కింద ఇంకొక మాట. "పడవలో అందింది."

"అందింది వదినా, వచ్చెత్తాడు," అంది రత్నం. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పోలేశ్వరి తన బొటనవేలు చీర చెంగులో చుట్టుకుని గోడవారన కూలబడింది. 

* * *

రత్నం ఇంటింటికీ తిరిగింది. ఆమె కన్నా ముందే ఎర్రదీపం కబురు తిరిగింది. ఒక తలుపు ఆమె ముఖం మీదే మూసుకుంది. ఇంకొక ఇంటి ముసలామె పిల్లల్ని లోపలికి తోసింది. ముగ్గురు కొడుకుల్ని వేటకు పంపిన బంగారమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడడానికి మగవాళ్ళు కూడా జంకుతారు.

"మీ ఇంటి డబ్బా ఎర్రబడిపోనాది. మీ ఓల్లు అనీసినారు. మీ పాపం మీది. మా ఇంట అనిపించకు."

"అత్తా, ఆకాశం నువ్వూ సూత్తన్నావు కదా."

"సూత్తన్నాను. సూడ్డం తప్పు కాదు. అనడవే తప్పు."

రత్నం షెల్టరు మెట్లు రెండేసి ఎక్కింది. ఊరంతటికీ వినబడే షెల్టరు మైకు ఫణీంద్ర చేతిలో ఉంది.

"మూఢనమ్మకం," అన్నాడు. "ఇంతమంది మగవాళ్ళు నీళ్ళ మీద ఉంటే ఒక్క మాట అనడానికి... నేను మైకులో తిడతాను."

"సార్, మీ ఇంట్లో బియ్యం అయిపోతే మీ అమ్మగారు ఏమనేవారు?"

ఆయన విసుగ్గా చూశాడు. "నిండుకున్నాయి అనేది."

"దీపం ఆరిపోతే?"

ఫణీంద్ర మైకు బల్ల మీద పెట్టాడు.

"మన చేతిలో ఉన్నది ఒక్కటే," అంది రత్నం. "డబ్బా లెక్క మార్చలేం. కానీ ఫోనులో అడిగే ప్రశ్న మాటలు మనమే రాస్తాం. మూడు గంటల ప్రశ్నకు మార్చగలమా?"

"మార్చొచ్చు. ఈలోగా మాత్రం పంపలేం."

ఆమె కూర్చుని రాసింది. గాలి అన్న మాట తీసేసింది. "ఈ ఇంటి మనిషి ఇప్పుడు ఇంటికి రావాలా?" అని రాసింది. "వచ్చింది" ఉన్నచోట "రావాలి" అని పెట్టింది. రెండో మాట "ఉండనీ". డబ్బాకు ఏ మాట రాసినా ఒకటే, ఏ చోట వేలు పడిందన్నదే దానికి లెక్క.

మూడింటి దాకా ఆ ఇద్దరూ కిటికీ దగ్గరే నిలబడ్డారు. సముద్రం రంగు మారింది. ఒడ్డుకు కట్టిన ఖాళీ తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. అన్న ఈపాటికి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వచ్చి ఉండాలని రత్నం చూపంతా అటే పెట్టింది. అక్కడ నురగ తప్ప ఏమీ కనిపించలేదు.

మూడయింది. ఊరంతటా ఫోన్లు మోగాయి. కిటికీలోంచి చూస్తే మొదట బంగారమ్మ కప్పు మీద దీపం ఎర్రబడింది. దాని పక్కిల్లు. ఆ వెనక సందు. ఆ పక్క సందు. ఒక్క ఆడది కూడా ఆలోచించలేదు. ఇంటికి రావాలని అనడానికి ఎవరికి అడ్డేముంది? ఊరంతా ఎర్రబడేసరికి ఫణీంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

* * *

పొద్దువాలుతుండగా పడవలు రావడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క దాన్నీ అలల్లోంచి లాగడానికి ఆడవాళ్ళు మొలలోతు నీళ్ళలోకి దిగారు. అప్పటికే గాలికి మాట వినబడడం లేదు. ప్రతి పడవా వచ్చింది, తాతారావుది తప్ప.

అందరికన్నా ముందు కబురు అందినవాడు అందరికన్నా ముందు రావాలి కదా. రత్నం బంగారమ్మ పెద్దకొడుకు నూకరాజు భుజాలు పట్టుకుని అడిగింది.

"వచ్చినాడక్కా, మా కాడికి," అన్నాడు నూకరాజు. వాడికి పళ్ళు టకటకలాడుతున్నాయి. "పడవ పక్కనెట్టి పోదాం రండెహె, గాలంట అన్నాడు. మా సెట్టు నేదంతంది అన్నాం. నవ్వినాం. మాకు సెప్పి, ఆ పక్కోలికి సెప్పి, ఇంకా లోపలికెల్లినోలు ఉన్నారు ఆలకీ సెప్పాల అని తూరుపుకి తిప్పీసినాడు. తరవాత మా సెట్లూ మోగినాయి."

అన్నిటికన్నా లోపలికి పోయిన పడవల వాళ్ళు తాతారావును చూడనే లేదు. తమ ఇళ్ళ కబురు అందగానే వాళ్ళు దక్షిణం పక్క నుంచి తిరిగి వచ్చేశారు. వాళ్ళు వచ్చేశారని తాతారావుకు చెప్పే దారి లేదు. అతని సెట్టు తన ఇంటి మాట ఒక్కటే వింటుంది, ఆ ఇంటి డబ్బాకు గాలీ వానా తప్ప వేరే మాట రాదు. లేని వాళ్ళ కోసం అతను ఇంకా వెతుకుతూ ఉన్నాడు. అలా బిగించింది ఎవరో రత్నానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

తెల్లారేసరికి గాలి ఆగింది. తీర రక్షణ వాళ్ళకు పడవ ముక్క దొరికింది, మధ్యాహ్నం లోపే మనిషీ దొరికాడు. ఒడ్డున చాప పరిచి పడుకోబెట్టారు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది.

పోలేశ్వరి తల దగ్గర కూర్చుంది. ఆమెకు రెండడుగుల దూరంలో కూడా ఏ ఆడదీ కూర్చోలేదు. వరసైనవాళ్ళు కూడా నిలబడే ఏడుస్తున్నారు. చెంగులో చుట్టిన చెయ్యిని ఆమె ఇంకా బయటికి తీయలేదు.

బంగారమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. కోపంగా లేదు, ఆమె ముగ్గురు కొడుకులూ ఇంట్లో ఉన్నారు. భయంగా ఉంది.

"మాం ఇంటికి రావాలన్నాం. మావోలు వచ్చినారు. ముందే ఎర్రబడింది మీ ఇల్లొక్కటే. ఆ ఏలు పోలేశ్వరిదే కాదేటి?" అని అందరికీ వినబడేట్టు అడిగింది. "సెప్పవే. నీ మొగుడి మీద నువ్వే అన్నావా?"

పోలేశ్వరి తలెత్తింది. రత్నం వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు.

ఫణీంద్ర రత్నం చెవి దగ్గరకు వంగాడు. "చెప్పండి. మాట వల్ల పోలేదని, వీళ్ళ పిల్లల్ని వెతకబోయి పోయాడని చెప్పండి. కబురు నిజమని, నిన్న ఒక్కటీ తప్పలేదని చెప్పండి. ఇప్పుడు వీళ్ళకు అర్థం కాకపోతే సాయంత్రానికి ఒక్క డబ్బా మిగలదు. మళ్ళీ గాలి వస్తే?"

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజాన్ని ఈ ఊరు అర్థం చేసుకునేసరికి ఎన్నేళ్ళు పడుతుందో రత్నానికి తెలుసు. అన్నేళ్ళూ వదిన ముఖం ఎవరూ పొద్దున్నే చూడరు. రేపు కుళాయి దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టరు. చేప బుట్ట నెత్తికెత్తడానికి ఎవరూ చెయ్యి వేయరు. అన్న ఎలా పోయాడన్నది లెక్కకు సంబంధించిన సంగతి. వదిన ఎలా బతుకుతుందన్నది ఈ గుంపు ఈ నిమిషంలో తేల్చబోతున్న సంగతి.

రత్నం ముందుకు నడిచి బంగారమ్మకు ఎదురుగా నిలబడింది.

"వదిన అనలేదత్తా," అంది. "సచ్చినా అననంది. దాని సెయ్యి విరిసి నాను నొక్కించినాను. గాలొచ్చిందని నా అన్న మీద నానే అన్నాను."

గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.  బంగారమ్మ వంగి పోలేశ్వరి చెంగు విప్పింది. మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులు అందరూ చూశారు.

అప్పుడు బంగారమ్మ ఇసుకలో కూలబడి పోలేశ్వరిని రెండు చేతులా కావలించుకుని ఏడ్చింది. ఆమె వెనక ఒకరి తరువాత ఒకరు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. పోలేశ్వరి చుట్టూ మోకాలు పెట్టే చోటు కూడా మిగలలేదు.

రత్నం నిలబడ్డ చోట మాత్రం ఇసుక ఖాళీ అయింది. ఫణీంద్ర కూడా ఒకడుగు వెనక్కి వేశాడు, ఎందుకు వేశాడో ఆయనకే తెలియదు. ఊళ్ళో అప్పుడే ఎవరో కప్పెక్కి డబ్బా పీకుతున్నారు, గొట్టం మీద సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. రత్నం అటు తిరగలేదు. వదిన తలను ఎవరో ఒళ్ళోకి తీసుకోవడం చూసింది. ఇంక చాలనుకుని, అన్న కాళ్ళ దగ్గర ఒక్కతే కూర్చుని ఏడ్చింది.